పాత రెమింగ్టన్ 1100తో తేలిక తూటాలు: మా అమ్మాయి తుపాకీ రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను. 12 గేజ్ షాట్‌గన్‌లో తేలిక తూటాలు కాల్చాలి, తుపాకీ మధ్యలో ఇరుక్కోకూడదు, ఖర్చు మరీ పెరగకూడదు అనుకునేవాళ్లకి రెమింగ్టన్ 1100 అనే పాత సెమీ ఆటోమేటిక్ తుపాకీ కొనుక్కోమనే చెబుతాను. రెండు షరతులున్నాయి. బారెల్ (గొట్టం) మీద అది పట్టే తూటా పొడవు పావు తక్కువ మూడు అంగుళాలు, అంటే 2¾ అని రాసి ఉండాలి. బరువు తూటాల కోసం చేసే మూడంగుళాల మాగ్నం బారెల్ వద్దు. రెండోది, కొన్న వెంటనే, తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్‌తో నడిచే భాగాలన్నీ విప్పి శుభ్రం చేయించాలి. ఈ రెండూ కుదిరితే, 1963లో మార్కెట్లోకి వచ్చిన ఈ డిజైన్ ఇవాళ 7/8 ఔన్సు సీసం గుండ్లున్న తేలిక తూటాతో కూడా హాయిగా నడుస్తుంది. మా అమ్మాయి స్కీట్‌లో, అంటే గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని కొట్టే ఆటలో, వాడుతున్న తుపాకీ ఇదే, ఈ రివ్యూ కూడా ఆ అనుభవంతో రాస్తున్నదే.

మేము హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. నేను మెకానికల్ ఇంజనీరుని, కంప్రెసర్ల సీళ్ల మీద పని చేస్తాను. మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఇక్కడి 4-హెచ్ పిల్లల సంఘంలో షూటింగ్ టీమ్ ఉంది, స్నేహితురాలితో పాటు అందులో చేరింది. మొదట్లో మా ఆయనకీ నాకూ చాలా టెన్షన్. మా రెండు కుటుంబాల్లోనూ తుపాకీ ముట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. కోచ్‌లు ఎంత కట్టుదిట్టంగా నడిపిస్తారో దగ్గర నుంచి చూశాక భయం తగ్గింది. గొట్టం ఎప్పుడూ మైదానం వైపే ఉండాలి, తన వంతు వచ్చేదాకా బోల్ట్ (తూటా వెనక మూసుకునే లోహపు ముక్క) తెరిచే ఉండాలి, కళ్లద్దాలూ చెవులకి మఫ్లూ లేకుండా గీత దాటకూడదు. ఈ నియమాలు తప్పితే ఎంత బాగా కొట్టే పిల్లనైనా ఆ రోజుకి పక్కన కూర్చోబెడతారు.

సమస్య భుజం దగ్గర మొదలైంది. స్కీట్‌లో ఒక రౌండ్ అంటే 25 తూటాలు. ఎనిమిది చోట్ల నిలబడి ఎత్తు గూటి నుంచి ఎగిరే క్లే (మట్టి బిళ్ల) ఒకటి, కింది గూటి నుంచి ఎగిరేది ఒకటి కొట్టాలి. 1, 2, 6, 7 స్థానాల్లో అవి కాక రెండు క్లేలూ ఒకేసారి కూడా వస్తాయి, వాటిని డబుల్స్ అంటారు. పోటీ రోజైతే నాలుగు రౌండ్లు, వంద తూటాలు. టీమ్ వాళ్లు అప్పుడు ఇచ్చేవి 1 1/8 ఔన్సువి, అంటే దాదాపు 32 గ్రాముల సీసం. మూడో రౌండ్ వచ్చేసరికి అమ్మాయి మీట నొక్కే ముందే కళ్లు మూసుకోవడం కోచ్ గమనించారు. గురి లోపం కాదది, దెబ్బ తగులుతుందని శరీరం ముందే ముడుచుకుపోవడం. ఒకసారి అలవాటైతే వదిలించడం చాలా కష్టం. తూటా తేలిక చేయండి అని ఆయన అన్నప్పుడు నేను మరో ఆలోచన పెట్టుకోలేదు.

అయితే గొట్టం ఇంకా సన్నగా ఉండే 20 గేజ్ కొనొచ్చు కదా అని చాలామంది అడిగారు. 20 గేజ్‌లో మామూలు తూటా కూడా 7/8 ఔన్సే. కానీ ఆ తుపాకులు సాధారణంగా తేలిగ్గా ఉంటాయి, ఆరున్నర పౌండ్ల చుట్టుపక్కల. అదే 7/8 ఔన్సు, అదే వేగం ఎనిమిది పౌండ్ల 12 గేజ్‌లో పెడితే భుజం మీద పడే దెబ్బ తగ్గుతుంది, ఎందుకంటే బరువైన తుపాకీ తక్కువ వేగంతో వెనక్కి వస్తుంది. నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఒకే తుపాకీలో 1 1/8 ఔన్సు నుంచి 7/8కి దిగితే, రెండూ సెకనుకి 1,200 అడుగుల వేగంతో వెళ్లేవే అయినా, వెనక్కి తన్నే శక్తి మూడో వంతు పైగా తగ్గుతుంది. దీనికి తోడు గ్యాస్ తుపాకీ ఆ దెబ్బని ఒక్క క్షణంలో ఇవ్వకుండా కాస్త సాగదీసి ఇస్తుంది. భుజానికి అది తోపులా అనిపిస్తుంది. మా అమ్మాయి వయసుకి మించి పొడుగు కాబట్టి ఎనిమిది పౌండ్లు మోయగలిగింది. సన్నగా, పొట్టిగా ఉన్న పదేళ్ల పిల్లకైతే ఈ లెక్క పనికిరాదు, 20 గేజే మేలు.

ఇక అసలు చిక్కు. సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఖాళీ షెల్‌ని బయటికి విసిరి, కొత్తది లోపలికి తీసుకోవడానికి కావలసిన శక్తి అంతా పేలిన తూటా నుంచే రావాలి. తూటా తేలికైతే శక్తీ తక్కువే. 1100లో బారెల్‌కి కింద, ముందు చెక్క లోపల సన్నటి రంధ్రాలుంటాయి. గుండ్లు ఆ రంధ్రాలు దాటగానే వెనకనున్న గ్యాస్ కొంత వాటిలోంచి దిగి, తూటాలు నింపే మ్యాగజైన్ గొట్టం చుట్టూ ఉంగరంలా తొడిగిన పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది. పిస్టన్ స్లీవ్‌ని తోస్తుంది, స్లీవ్‌కున్న కడ్డీలు బోల్ట్‌ని తెరిచి వెనక్కి లాక్కుపోతాయి. వెనక చెక్క లోపల పొడవాటి స్ప్రింగ్ ఒకటి నొక్కుకుపోయి, మళ్లీ బోల్ట్‌ని ముందుకి నెడుతుంది. ఈ దారిలో ఎక్కడ గ్యాస్ కారినా, ఎక్కడ జిడ్డు పట్టినా, బరువైన తూటాకి తేడా తెలియదు, దానికి శక్తి మిగులు ఉంటుంది. తేలిక తూటాకి ఆ మిగులు లేదు. బోల్ట్ చివరిదాకా వెళ్లకుండా మధ్యలోంచే తిరిగొచ్చేస్తుంది. ఖాళీ షెల్ బయటికి వెళ్లే సందులో నిటారుగా ఇరుక్కుంటుంది, లేదా అది బయటపడినా కొత్త తూటా పైకి లేవదు.

ఇది కొత్త తలనొప్పేమీ కాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆటో-5 అనే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ని బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ 1902 నుంచి తయారు చేసింది. దానిలో కాల్చిన ప్రతిసారీ బారెల్ మొత్తం వెనక్కి జరుగుతుంది. మ్యాగజైన్ గొట్టం మీద ఒక ఘర్షణ ఉంగరం ఇచ్చి, బరువు తూటాలకైతే స్ప్రింగ్‌కి ముందు, తేలిక తూటాలకైతే స్ప్రింగ్‌కి వెనక పెట్టుకోమన్నారు. మా రేంజ్‌లో ఎనభై దాటిన ఒక పెద్దాయన దగ్గర ఆ తుపాకీ ఉంది. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ ఉంగరం ఎలా మార్చాలో విప్పి చూపించారు. నూటపాతికేళ్ల కిందటి ఇంజనీర్లు తేలిక తూటాని తుపాకీ తప్పుగా కాకుండా వాడేవాడి అవసరంగా చూశారన్నది నాకు ఎంతో నచ్చింది.

కొనడం గురించి క్లుప్తంగా. మాది లైసెన్సున్న డీలర్ దగ్గర కొన్న వాడిన తుపాకీ, ఆరొందల డాలర్లు. తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ 4473 ఫారం నింపాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యింది, అదే రోజు ఇచ్చారు. ఇక్కడి మన తెలుగువాళ్లు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. స్నేహితుడిది కదా ఒకసారి కాల్చి చూద్దాం అనుకునే ముందు కూడా లాయర్‌ని అడగండి. ఇంకొకటి, కాల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే టెక్సస్‌లో నేరం. మా ఇంట్లో తుపాకీ ఒక బీరువాలో, తూటాలు వేరే గదిలో తాళంలో ఉంటాయి. తాళాలు మా ఇద్దరి దగ్గరే.

తుపాకీ చూడటానికి ముచ్చటగా ఉంది, వాల్‌నట్ చెక్క, లోహం మీద నీలి మెరుపు అలాగే ఉంది. సీరియల్ నంబర్ చివర వి అక్షరం, బారెల్ మీద 2¾ అన్న గుర్తు చూసుకునే తీసుకున్నాను. ఆ వి అంటే మామూలు 12 గేజ్ అని, ఎం ఉంటే మాగ్నం అని అర్థం. మాగ్నం బారెల్‌కి గ్యాస్ తక్కువ దిగేలా రంధ్రం ఉంటుంది, బరువు తూటాల కోసం అలా చేస్తారు. తేలిక తూటాకి ఆ గ్యాస్ చాలదు. పాత తుపాకుల మీద బారెళ్లు మారిపోయి ఉంటాయి కాబట్టి రెండు చోట్లా చూడాలి.

రేంజ్‌కి తీసుకెళ్తే 1 1/8 ఔన్సు తూటాలు బాగానే నడిచాయి. 7/8 పెట్టగానే మొదలైంది. "అమ్మా, మళ్లీ ఇరుక్కుంది" అని అమ్మాయి చెయ్యెత్తడం, కోచ్ రావడం, షెల్ లాగడం. డబుల్స్‌లో రెండో క్లే అలా ఎగిరిపోతుంటే పిల్ల మొహం చూడలేకపోయాను. దగ్గర్లోని ఒక షాపులో అడిగితే, కౌంటర్ దగ్గరున్నతను లోపల ఏముందో చూడకుండానే గ్యాస్ రంధ్రాలు డ్రిల్లుతో పెద్దవి చేసేద్దాం, అరగంట పని అన్నాడు. నేను వద్దన్నాను. రంధ్రం పెద్దది చేయడం వెనక్కి తీసుకోలేని పని. రేపు ఎవరైనా బరువు తూటా పెడితే అవసరానికి మించిన గ్యాస్ దిగి బోల్ట్ వెనక్కి వెళ్లి రిసీవర్‌ని (అది కదిలే లోహపు పెట్టెని) బలంగా కొడుతుంది, భాగాలు పగులుతాయి. పైగా ఈ తుపాకీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు స్కీట్ తూటాలతో నడిచిందే. అప్పుడు నడిచినది ఇప్పుడు నడవకపోతే, మధ్యలో ఏం మారిందో ముందు వెతకాలి. నా ఉద్యోగంలో రోజూ చేసేది ఇదే.

కోచ్ చెప్పిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే ఆయన) దగ్గరికి వెళ్లాం. బ్రెన్హమ్ వెళ్లే దారిలో ఇంటి వెనక చిన్న షెడ్డు, డెబ్బై దాటిన మనిషి. ఆయన చేసిన మొదటి పని మా అమ్మాయిని పిలిచి, ఖాళీ షెళ్లు ఎక్కడ పడుతున్నాయని అడగడం. పాదాల దగ్గరే పడుతున్నాయంది. బరువు తూటాలవి? ఆరేడు అడుగుల దూరంలో. సగం రోగం అక్కడే తెలిసిపోయిందన్నారు. బోల్ట్‌కి వేగం చాలడం లేదు. ఇక వేగాన్ని ఏది తినేస్తోందో చూడాలి. ముందు చెక్క విప్పారు, మమ్మల్ని పక్కనే నిలబడి చూడమన్నారు.

మొదట ఓ-రింగ్. 1100లో మ్యాగజైన్ గొట్టం మీదున్న గాడిలో అంగుళం వ్యాసమున్న నల్ల రబ్బరు చుట్టు ఒకటి కూర్చుంటుంది. పిస్టన్‌ని తోయాల్సిన గ్యాస్ అటువైపు కారిపోకుండా ఆపేది అదే. మా దాంట్లో అది ఎండిపోయి గట్టిపడి, ఒక చోట బీటలు వారింది. కుక్కర్ గ్యాస్కెట్ ఎండిపోతే మంట ఎంత పెట్టినా విజిల్ రాదు కదా, ఇదీ అంతే. దాని ధర రెండు మూడు డాలర్లు. మామూలు నైట్రైల్ రబ్బరు రింగ్ వేసినా పని చేస్తుంది, కానీ వేడికి త్వరగా గట్టిపడుతుంది. నేను వైటాన్ అడిగాను. మా కంప్రెసర్లలో వేడి ఉన్న చోట వాడేది అదే, రెండొందల డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. ఆయన డ్రాయర్‌లో అవే ఉన్నాయి. అప్పుడు ఇద్దరం సీళ్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం, అమ్మాయి ఓపిగ్గా విన్నది.

తర్వాత మ్యాగజైన్ గొట్టం. పాత యజమాని ఎవరో బాగా నూనె పోసి వదిలేసినట్టున్నారు. నూనె, మందు మసి కలిసి వార్నిష్‌లా పేరుకుపోయింది. పిస్టన్, దాని సీల్ ఉంగరం రెండూ ఆ పొర మీద కదలాలి. ద్రావకంలో నానబెట్టి, కంచు ఉన్నితో రుద్దితే నిగనిగలాడే లోహం బయటపడింది. పిస్టన్, సీల్ ఉంగరం రెండింటికీ ఒక వైపు ఏటవాలు ఉంటుంది. అవి ఒకదానిలో ఒకటి ఒదిగేట్టు తిరిగి పెట్టాలి, తిరగేసి పెడితే గ్యాస్ కారుతుంది. విప్పే ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోమన్నారు. ఇది ఇంట్లో శుభ్రం చేసుకునేవాళ్లందరికీ పనికొచ్చే మాట.

గ్యాస్ రంధ్రాలు. అవే, షాపతను డ్రిల్ చేద్దామన్నవి. ఒకటి సగానికి పైగా మసితో మూసుకుపోయి ఉంది. రంధ్రం కంటే సన్నగా ఉన్న ఇత్తడి తీగని ద్రావకంలో ముంచి చేత్తో తిప్పుతూ శుభ్రం చేశారు. యంత్రం లేదు, కొత్తగా కోసింది లేదు. గొట్టానికి అవతల వైపు టార్చి పెట్టి, రంధ్రంలోంచి వెలుగు గుండ్రంగా వస్తోందా లేదా అని అమ్మాయికి చూపించారు. ఫ్యాక్టరీ చేసిన రంధ్రం పరిమాణం తిరిగి వచ్చింది, అంతకంటే ఒక్క వెంట్రుక పెద్దది చేయలేదు.

నాలుగోది చాలామంది చూడని చోటు: వెనక చెక్క లోపలి స్ప్రింగ్. దాన్ని తీయడానికి భుజం దగ్గరి రబ్బరు ప్యాడ్ విప్పి, చెక్క లాగి, గొట్టంలోంచి స్ప్రింగ్‌ని జాగ్రత్తగా వదలాలి. నొక్కుకుని ఉంటుంది, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. తుపాకీని ఏళ్ల తరబడి గొట్టం పైకి పెట్టి నిలబెడితే నూనె అంతా కిందికి జారి ఈ స్ప్రింగ్ ఉండే గొట్టంలో గడ్డకడుతుంది. గల్ఫ్ తీరపు తేమకి తుప్పు కూడా తోడవుతుంది. మా స్ప్రింగ్ బంకలో ముంచి తీసినట్టుంది. గొట్టం తుడిచి, కొత్త స్ప్రింగ్ వేసి, పల్చగా నూనె రాశారు. తేలిక తూటాలు కదా, కొంచెం మెత్తని స్ప్రింగ్ వేయొచ్చా అని అడిగాను. వద్దన్నారు. బోల్ట్ ముందుకి వచ్చి సరిగ్గా మూసుకోవడం కూడా ఆ స్ప్రింగ్ పనే, దాని బలం తగ్గిస్తే మరో రోగం మొదలవుతుందన్నారు.

చివరగా ఛాంబర్. తూటా కూర్చునే చోట ప్లాస్టిక్ అవశేషాలు, సన్నటి తుప్పు. అక్కడ షెల్ పట్టుకుపోతే బోల్ట్‌కి ఉన్న కాస్త శక్తీ దాన్ని లాగడానికే ఖర్చవుతుంది. ఛాంబర్ బ్రష్‌తో రుద్ది, అతి సన్నని ఉక్కు ఉన్నితో మెరుగుపెట్టారు. షెల్‌ని పట్టుకునే కొక్కెం అంచు, దాని స్ప్రింగ్ చూసి బాగున్నాయన్నారు. చెక్క పొడవు కూడా అమ్మాయి చేతికి తగ్గట్టు తగ్గించారు. భాగాలతో కలిపి ఈ మొత్తం పనికి తీసుకున్నది రెండొందల డాలర్ల లోపే. మళ్లీ అడిగినా సంతోషంగా ఇస్తాను.

తూటాల సంగతి విడిగా చెప్పాలి. గ్యాస్ తుపాకీకి కావలసింది రంధ్రం దగ్గర ఒత్తిడి, పెట్టె మీద రాసిన వేగం కాదు. ఒకే బరువు, ఒకే వేగం ఉన్న రెండు కంపెనీల తూటాల్లో మందు కాలే తీరు వేరుగా ఉంటుంది. కాస్త నెమ్మదిగా కాలే మందు రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఎక్కువ ఒత్తిడి మిగుల్చుతుంది. అందుకే ఒకటి నడిచి మరొకటి నడవకపోవచ్చు. కేసులు కొనే ముందు రెండు మూడు రకాలవి ఒక్కో పెట్టె తెచ్చి పరీక్షించండి. పరీక్ష తేలికే. మ్యాగజైన్ ఖాళీగా ఉంచి, ఛాంబర్‌లో ఒక్క తూటా పెట్టి కాల్చాలి. 1100లో ఆఖరి తూటా అయ్యాక బోల్ట్ వెనకే ఆగాలి. ఆగితే అది చివరిదాకా వెళ్లినట్టు. మూసుకుపోతే దారిలో ఆగి తిరిగొచ్చినట్టు. అలా వరసగా ఒక పెట్టె ఆగుతూ వస్తే ఆ తూటా మీ తుపాకీకి సరిపోయినట్టే. ఖాళీ షెళ్లు ఎక్కడ పడుతున్నాయో కూడా చూడండి. రెండు మూడు అడుగుల్లోనే పడుతుంటే ఇంకా అంచు మీదే ఉన్నట్టు.

మా తుపాకీలో 1,200 అడుగుల వేగమున్న 7/8 ఔన్సువి, 1,180 అడుగుల 1 ఔన్సువి నమ్మకంగా నడుస్తున్నాయి. శబ్దం తక్కువ రావడానికి చేసే 980 అడుగుల తూటాలు కూడా తెచ్చి చూశాం. కొన్ని నడిచాయి, కొన్ని లేదు. పోటీకి అవి వద్దని పక్కన పెట్టాం, రెండు గొట్టాల తుపాకీకి అవి బాగుంటాయి. షెల్ అడుగు ఉక్కుదా ఇత్తడిదా అన్నది కూడా తేడా చూపిస్తుంది. చవక పెట్టెల్లో ఉక్కు అడుగు ఎక్కువ, కొన్ని ఛాంబర్లలో అది కాస్త పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక ప్రాణానికి సంబంధించిన సంగతి. తేలిక తూటాలకి అలవాటుపడ్డాక శబ్దం కొంచెం తగ్గినా పట్టించుకోకపోయే ప్రమాదం ఉంది. కాల్చినప్పుడు ఎప్పటిలా కాకుండా పుస్‌మని వినిపిస్తే వెంటనే ఆపాలి, తుపాకీ ఖాళీ చేసి గొట్టంలోకి వెలుగు పెట్టి చూడాలి. లోపల ప్లాస్టిక్ వాడ్ (తూటాలో గుండ్లకీ మందుకీ మధ్య ఉండే ముక్క) ఇరుక్కుని ఉండగా ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది. మీట నొక్కినా పేలకపోతే గొట్టం మైదానం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఇంట్లో 20 గేజ్ కూడా ఉంటే ఆ తూటాలు ఈ సంచిలోకి రానివ్వకండి. 12 గేజ్‌లో వేస్తే అది జారి ముందుకి వెళ్లి గొట్టంలో ఇరుక్కుంటుంది, దాని వెనక 12 పట్టేస్తుంది. 20 గేజ్ షెళ్లు పసుపు రంగులో చేసేది పొరపాటు కంటికి కనపడాలనే.

ఇప్పుడు ఎలా ఉందంటే, అమ్మాయి డబుల్స్ దగ్గర తుపాకీ గురించి ఆలోచించడం మానేసింది. నాకు కావలసింది అదే. కళ్లు మూసుకోవడం మెల్లగా పోయింది. ప్రతి రేంజ్ రోజు తర్వాత ఇంటికి రాగానే తనే ముందు చెక్క విప్పి, మ్యాగజైన్ గొట్టం తుడిచి, ఓ-రింగ్‌ని వేలితో నొక్కి చూసి, ఒక్క చుక్క నూనె రాస్తుంది. నూనె ఎక్కువైతే మళ్లీ పాత కథే. సంచిలో రెండు ఓ-రింగ్‌లు ఎప్పుడూ ఉంటాయి. తుపాకీని గొట్టం కొంచెం కిందికి ఉండేట్టు పెడతాం. నూనె చెక్కలోకి దిగదు.

తక్కువలు కూడా చెప్పాలి. బరువు ముందు వైపు ఉంటుంది, నాలుగో రౌండ్‌కి చేతులు నొప్పి పుడతాయి. అందరూ పక్కపక్కన నిలబడి క్లేలు కొట్టే ట్రాప్ ఆటలో ఖాళీ షెళ్లు కుడివైపు నిలబడినవాళ్ల మీదికి వెళ్తాయి, షెల్ క్యాచర్ బిగించుకోవడం మర్యాద. శుభ్రం చేసే ఓపిక లేనివాళ్లకి ఈ తుపాకీ తగదు. కొత్త తరం గ్యాస్ తుపాకులు, ఉదాహరణకి బెరెట్టా ఏ400, తేలిక తూటాకీ బరువు తూటాకీ తమంతట తామే సర్దుకునేలా చేసినవి. డబ్బు పెట్టగలిగితే అవి నిజంగా బాగుంటాయి, కాల్చి చూశాం. బెనెల్లీ లాంటి ఇనర్షియా తుపాకులు వేరే దారి. వాటిలో గ్యాస్ రంధ్రమే లేదు, తుపాకీ వెనక్కి కదిలితే బోల్ట్‌లోని గట్టి స్ప్రింగ్ నొక్కుకుని పని చేస్తుంది. అందుకే లోపల మసి తక్కువ. కానీ తుపాకీ చాలినంత కదలాలి. కొత్తలో కొన్ని బరువు తూటాలతో అలవాటు చేయాలి, కనీస తూటా ఎంతో మాన్యువల్‌లో చూసుకోవాలి, తుపాకీకి అదనపు బరువు తగిలించకూడదు. వేటకి అవి చక్కటివి. భుజం కాపాడుకోవాల్సిన పిల్లకి 7/8 ఔన్సు కాల్చడానికి నేను గ్యాస్‌నే ఎంచుకుంటాను.

ఒలింపిక్స్‌లో ట్రాప్, స్కీట్ రెండింటికీ 24 గ్రాముల తూటానే పరిమితి. హైదరాబాద్‌కి చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, టీమ్ స్వర్ణం గెలిచాడు. మా అమ్మాయి గది గోడ మీద ఆ ఫోటో ఉంది. ఆ స్థాయిలో అందరూ వాడేది ఒకదాని మీద ఒకటి గొట్టాలుండే తుపాకీ. దానికి షెల్ విసరడం, ఇరుక్కోవడం అన్న బాధే లేదు, కానీ మంచిది కొనాలంటే మా ఖర్చుకి ఎన్నో రెట్లు. మా 7/8 ఔన్సు అంటే దాదాపు 25 గ్రాములు, కాబట్టి తేలిక తూటాతో క్లే పగలదేమో అని అడిగేవాళ్లకి మాత్రం ఆ 24 గ్రాములే జవాబు.

కొనబోయేవాళ్లకి. షాపులో ముందు చెక్క విప్పి చూపించమని అడగండి, వద్దంటే ఆ తుపాకీ వదిలేయండి. గ్యాస్ రంధ్రాల అంచులు కోసినట్టు, గీతలు పడ్డట్టు ఉంటే ఎవరో డ్రిల్ చేసినట్టే, తీసుకోకండి. న్యూయార్క్ రాష్ట్రంలోని రెమింగ్టన్ ఇలియన్ ఫ్యాక్టరీ 2024 మార్చిలో మూతపడింది, అయినా ఈ మోడల్ ఎన్నో లక్షలు అమ్ముడైంది కాబట్టి ఓ-రింగ్‌లు, పిస్టన్లు, స్ప్రింగులు బయటి తయారీదార్ల దగ్గర తేలిగ్గా దొరుకుతున్నాయి. 7/8 ఔన్సు తూటాలు మాత్రం పెద్ద షాపుల అరల్లో అరుదు, అక్కడ ఎక్కువగా 1 1/8వే పెడతారు. మేము సీజన్ మొదలయ్యే ముందు టీమ్ తల్లిదండ్రులం కలిసి కేసుల లెక్కన తెప్పిస్తాం, కేసుకి పది పెట్టెలు, 250 తూటాలు. ఆర్డర్ ఆగస్టులోనే పెడతాం. సెప్టెంబర్‌లో పావురాల వేట మొదలైతే అందరూ తూటాల మీద పడతారు, మనకి కావలసిన రకం దొరకదు.